క్లౌడ్ సర్వర్ డిస్క్‌ను డేటా పోకుండా చిన్నది చేయడం: మొదటి నుంచి చివరి దాకా

సర్వర్ పెట్టిన రోజున ఎందుకైనా మంచిదని 500 జీబీ వాల్యూమ్ (సర్వర్‌కు తగిలించుకునే క్లౌడ్ డిస్క్) తీసుకుంటాం. కొన్నాళ్లకు చూస్తే అందులో వాడేది 60 జీబీ మాత్రమే. క్లౌడ్‌లో బిల్లు మనం వాడిన చోటుకి కాదు, కేటాయించుకున్న చోటుకి వస్తుంది. ఖాళీగా పడి ఉన్న ఆ 440 జీబీకి కూడా ప్రతి నెలా డబ్బు కడుతూనే ఉంటాం.

తగ్గిద్దామని క్లౌడ్ కంపెనీ వెబ్ కన్సోల్‌లోకి వెళ్తే అక్కడ సైజు పెంచడానికే వీలుంటుంది. అమెజాన్ ఈబీఎస్ అయినా, అజూర్ మేనేజ్డ్ డిస్క్ అయినా, గూగుల్ పర్సిస్టెంట్ డిస్క్ అయినా ఇదే పరిస్థితి. దీనికి కారణం ఉంది. క్లౌడ్ కంపెనీకి మన వాల్యూమ్ బ్లాకుల వరుసగానే కనిపిస్తుంది. ఏ బ్లాకులో ఫైలు ఉందో, ఏది ఖాళీయో తెలిసేది సర్వర్ లోపల ఉన్న ఫైల్‌సిస్టమ్‌కే. వాడింది 60 జీబీయే అయినా ఆ ఫైళ్లు డిస్క్ చివరి దాకా చెదిరి ఉండొచ్చు. బయటి నుంచి తోక కోసేస్తే ఏది తెగుతుందో ఎవరికీ తెలియదు.

స్నాప్‌షాట్ (ఆ క్షణంలో వాల్యూమ్ ఎలా ఉందో అలా తీసే నకలు) తీసి దాని నుంచి చిన్న వాల్యూమ్ చేసుకుందామన్నా కుదరదు. 500 జీబీ వాల్యూమ్ స్నాప్‌షాట్ నుంచి 500 లేదా అంతకన్నా పెద్ద వాల్యూమే వస్తుంది. డీడీ కమాండ్‌తో పెద్దదాన్ని చిన్నదాంట్లోకి కాపీ చేస్తే చోటు అయిపోయిన దగ్గర ఆగిపోతుంది. అలా సగంలో తెగిన ఫైల్‌సిస్టమ్ మౌంట్ కూడా కాదు, అంటే సర్వర్‌లో ఒక ఫోల్డర్‌గా తెరుచుకోదు.

కాబట్టి ఉన్న వాల్యూమ్ జోలికి పోకుండా పక్కన ఒక చిన్న వాల్యూమ్ తయారు చేసి, ఫైళ్లను అందులోకి తెచ్చి, సర్వర్‌ను దాని మీదికి మార్చాలి. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చేది ఒకటుంది. పని మొత్తం అయ్యేదాకా పాత వాల్యూమ్ చెక్కుచెదరకుండా ఉంటుంది.

సర్వర్ లైనక్స్‌దే అనుకుని, కింద అమెజాన్ పేర్లే వాడుతున్నాను. మిగతా చోట్ల పేర్లు వేరైనా చేయాల్సిన పని ఇదే. కమాండ్లను పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెప్తాను.

ఎంతకు తగ్గించాలి?

ముందు డీఎఫ్ కమాండ్‌ను హెచ్, పెద్ద టీ ఆప్షన్లతో ఇవ్వండి. వాడిన చోటు, మిగిలిన చోటు, ఫైల్‌సిస్టమ్ రకం మూడూ కనిపిస్తాయి. తర్వాత డీయూ కమాండ్‌తో ఏ ఫోల్డర్ ఎంత ఉందో చూడండి. ఈ రెండు లెక్కలకీ పొంతన కుదరకపోతే, డిలీట్ చేసినా ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకున్న ఫైళ్లు ఉన్నాయేమో చూడాలి. ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌కు ప్లస్ గుర్తు, పెద్ద ఎల్, 1 కలిపి ఇస్తే అవి బయటపడతాయి. ఆ ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేస్తే చోటు ఖాళీ అవుతుంది. పాత లాగ్‌లు, వాడని డాకర్ ఇమేజ్‌లు, ఎప్పటివో డంప్ ఫైళ్లు ఉంటే ఇప్పుడే తీసేయండి. చెత్తను కొత్త డిస్క్‌లోకి మోయడం దండగ.

కొత్త సైజుకి నేను పాటించే లెక్క ఇది: ఇప్పుడు వాడుతున్నది, దానికి రాబోయే ఆరు నెలల్లో పెరిగేది కలిపి, పైన 25 శాతం ఖాళీ. అంతకు మించి అక్కర్లేదు. పెంచడం సర్వర్ ఆపకుండానే నిమిషాల్లో అయ్యే పని, కష్టమంతా తగ్గించడంలోనే ఉంది. అందుకే ఇక్కడ మరీ ఉదారంగా ఉండొద్దు.

సైజుతో పాటు మరో రెండు విషయాలు కూడా మారతాయి. చాలామంది వీటిని పట్టించుకోరు.

మొదటిది ఐనోడ్‌లు, అంటే ఫైళ్ల వివరాలు రాసుకోవడానికి ఫైల్‌సిస్టమ్ పెట్టుకునే గళ్లు. ఒక్కో ఫైలుకు ఒకటి కావాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌ను మామూలుగా ఫార్మాట్ చేస్తే ప్రతి 16,384 బైట్లకు ఒక ఐనోడ్ చొప్పున కేటాయిస్తుంది. 500 జీబీలో దాదాపు 3.27 కోట్ల ఐనోడ్‌లు ఉంటే 100 జీబీలో 65 లక్షలే ఉంటాయి. మెయిల్ సర్వర్, ఇమేజ్ థంబ్‌నెయిల్స్ లాంటి చోట్ల చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటాయి. అక్కడ ఐనోడ్‌లు అయిపోతే, జీబీల్లో చోటు మిగిలి ఉన్నా డిస్క్ నిండిపోయిందన్న ఎర్రర్ వస్తుంది. డీఎఫ్ కమాండ్‌కు ఐ ఆప్షన్ ఇస్తే ఇప్పుడు ఎన్ని ఐనోడ్‌లు వాడుతున్నారో చూపిస్తుంది. ఎక్కువ కావాలంటే ఫార్మాట్ చేసేటప్పుడే చెప్పాలి, ఆ నిష్పత్తిని తర్వాత మార్చలేం.

రెండోది వేగం. పాత వాల్యూమ్ జీపీ2 రకమైతే (అమెజాన్ పాత తరం ఎస్‌ఎస్‌డీ) దాని వేగం సైజు మీద ఆధారపడుతుంది. జీబీకి 3 ఐఆప్స్ (సెకనుకు చదివే, రాసే పనుల సంఖ్య) లెక్కన 500 జీబీకి 1,500 వస్తుంటే, 100 జీబీకి దిగగానే బేస్‌లైన్ 300కి పడిపోతుంది. కూడబెట్టుకున్న క్రెడిట్లతో అప్పుడప్పుడూ బరస్ట్‌లో 3,000 దాకా వెళ్లినా, ఆ క్రెడిట్లు అయిపోగానే డేటాబేస్ నత్తనడక నడుస్తుంది. కొత్త వాల్యూమ్‌ను జీపీ3 రకంలో తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. సైజు ఎంతైనా అందులో బేస్‌లైన్ 3,000 ఐఆప్స్.

ముట్టుకునే ముందు బ్యాకప్

పాత వాల్యూమ్‌కు స్నాప్‌షాట్ తీయండి. అది పూర్తయిందని చూపించే దాకా ఆగండి. అక్కడితో సరిపెట్టుకోకుండా దాని నుంచి తాత్కాలికంగా ఒక వాల్యూమ్ చేసి, వేరే సర్వర్‌కు తగిలించి, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. చూసిన వెంటనే ఆ తాత్కాలిక వాల్యూమ్ తీసేస్తే ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

డిస్క్ మీద డేటాబేస్ ఉంటే మైఎస్‌క్యూఎల్ డంప్ గానీ, పీజీ డంప్ గానీ విడిగా తీసి వేరే చోట దాచండి. స్నాప్‌షాట్ బ్లాకుల స్థాయిలో కాపాడుతుంది. డంప్ చేతిలో ఉంటే ఫైల్‌సిస్టమ్ సంగతి ఎలా ఉన్నా డేటాను వెనక్కి తెచ్చుకోవచ్చు.

కొత్త వాల్యూమ్ తయారీ

కొత్త వాల్యూమ్‌ను సర్వర్ ఉన్న అవైలబిలిటీ జోన్‌లోనే తయారు చేయాలి. జోన్ వేరైతే అటాచ్ కాదు. పాతది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే కొత్తదానికీ ఎన్‌క్రిప్షన్ పెట్టి అదే కీ ఎంచుకోండి. స్నాప్‌షాట్ నుంచి కాకుండా ఖాళీ వాల్యూమ్‌గా తీసుకోండి.

అటాచ్ చేశాక సర్వర్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ ఇవ్వండి. ఇక్కడ తొందరపడకండి. కన్సోల్‌లో ఎస్‌డీఎఫ్ అని పేరు పెట్టినా, అమెజాన్ కొత్త తరం నైట్రో సర్వర్లలో అది ఎన్‌వీఎంఈ పేరుతో, వేరే నంబర్‌తో కనిపిస్తుంది. రీబూట్ అయితే ఆ నంబర్లు అటూ ఇటూ మారొచ్చు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేకు ‘ఓ’ అక్షరం ఆప్షన్ ఇచ్చి, ప్లస్ గుర్తు పక్కన సీరియల్ అనే కాలమ్ పేరు పెద్ద అక్షరాల్లో ఇస్తే ప్రతి డిస్క్ పక్కన వాల్యూమ్ ఐడీ వస్తుంది. దాన్ని కన్సోల్‌లోని ఐడీతో సరిచూసుకున్న తర్వాతే ఫార్మాట్ చేయాలి. ఈ మొత్తం పనిలో డేటాను ఒక్క క్షణంలో తుడిచేయగలిగేది ఫార్మాట్ కమాండే.

ఎంకేఎఫ్ఎస్‌తో ఫార్మాట్ చేసేటప్పుడు పాత ఫైల్‌సిస్టమ్ రకాన్నే ఎంచుకోవడం మంచిది. ఎక్స్ఎఫ్ఎస్‌ను కుదించలేమని, ఈఎక్స్‌టీ4ను అన్‌మౌంట్ చేస్తే కుదించవచ్చని మీరు వినే ఉంటారు. ఆ తేడా ఇక్కడ అడ్డం రాదు, మనం ఫైళ్లను కాపీ చేస్తున్నామే గానీ ఫైల్‌సిస్టమ్‌ను కుదించడం లేదు. డేటా వాల్యూమ్‌కు పార్టిషన్ లేకుండా మొత్తం డిస్క్‌నే ఫార్మాట్ చేయొచ్చు. రేపు సైజు పెంచాల్సి వస్తే ఒక మెట్టు తగ్గుతుంది. ఫార్మాట్ అయ్యాక ఒక తాత్కాలిక ఫోల్డర్‌లో మౌంట్ చేయండి. పాతది /డేటా దగ్గర, కొత్తది /కొత్త దగ్గర ఉందనుకుందాం.

కాపీ రెండు విడతల్లో

కాపీకి ఆర్‌సింక్ వాడాలి. ఇవ్వాల్సిన ఆప్షన్లు ఇవి: చిన్న ఏ, పెద్ద ఏ, పెద్ద ఎక్స్, పెద్ద హెచ్, పెద్ద ఎస్, వీటితో పాటు న్యూమరిక్ ఐడీస్. చిన్న ఏ ఓనర్లను, పర్మిషన్లను, తేదీలను ఉన్నవి ఉన్నట్టు ఉంచుతుంది. పెద్ద ఏ, పెద్ద ఎక్స్ ఏసీఎల్‌లను (అదనపు పర్మిషన్ల జాబితాలను), ఎస్ఈలైనక్స్ లేబుళ్లు ఉండే అదనపు గుణాలను తెస్తాయి. పెద్ద హెచ్ లేకపోతే హార్డ్ లింకులు (ఒకే ఫైలుకున్న వేర్వేరు పేర్లు) విడివిడి ఫైళ్లుగా మారిపోతాయి, పెద్ద ఎస్ లేకపోతే లోపల ఖాళీలున్న స్పార్స్ ఫైళ్లు పూర్తి సైజుకి ఉబ్బుతాయి. ఈ రెండింట్లో ఏది జరిగినా చిన్న డిస్క్‌లో చోటు చాలక మధ్యలో ఆగిపోతాం. పాత ఫోల్డర్ పేరు చివర స్లాష్ మర్చిపోవద్దు. అది లేకపోతే ఫైళ్లన్నీ /కొత్త లోపల మళ్లీ డేటా అనే ఫోల్డర్‌లో చేరతాయి.

మొదటి విడత సర్వీసులు నడుస్తుండగానే చేయండి. గంటలు పట్టినా పర్వాలేదు, యూజర్లకు తెలియదు. ఈ కాపీలో డేటాబేస్ ఫైళ్లు నమ్మదగ్గ స్థితిలో ఉండవు. అయినా ఫర్వాలేదు, వాటిని రెండో విడత సరిచేస్తుంది.

డేటా పోయేది సాధారణంగా కాపీలో కాదు. కాపీ పూర్తయ్యాక, కొత్త డిస్క్‌కు మారకముందు పాత డిస్క్ మీద ఎవరో రాసిన రాతలు పోతాయి. అందుకే రెండో విడతకు ముందు డేటాబేస్, వెబ్ సర్వర్, క్రాన్ పనులు (వేళ ప్రకారం వాటంతటవే నడిచేవి), బ్యాక్‌గ్రౌండ్ వర్కర్లు అన్నిటినీ ఆపాలి. ఆపేశామని మనం అనుకుంటే సరిపోదు, పాత వాల్యూమ్‌ను రీడ్ ఓన్లీగా రీమౌంట్ చేసి చూడాలి. మౌంట్ కమాండ్‌కు ‘ఓ’ అక్షరం ఆప్షన్‌లో రీమౌంట్, ఆర్‌ఓ అని ఇవ్వండి. బిజీగా ఉందంటూ అది నిరాకరిస్తే ఇంకా ఎవరో రాస్తున్నట్టే. వాళ్లెవరో ఎఫ్‌యూజర్ గానీ ఎల్‌ఎస్‌ఓఎఫ్ గానీ చెప్తుంది. రీమౌంట్ అయిన క్షణం నుంచి పాత డిస్క్‌లో ఒక్క బైటు కూడా మారదు. ఇన్ని కమాండ్లలో ఈ ఒక్కదాన్ని మాత్రం ఎవరూ వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు అదే ఆర్‌సింక్‌కు డిలీట్ ఆప్షన్ కలిపి మళ్లీ నడపండి. మారిన ఫైళ్లు మాత్రమే వస్తాయి, ఈలోపు పాతదాంట్లో తీసేసినవి కొత్తదాంట్లోనూ పోతాయి. సాధారణంగా ఈ విడత మొదటిదాని కంటే చాలా తక్కువ సమయంలో అయిపోతుంది. సర్వీసు ఆగి ఉండేది దీనికీ, ఆ తర్వాతి పరీక్షకీ, మార్పిడికీ పట్టేంతసేపే.

అయ్యాక సరిచూడండి. అదే కమాండ్‌కు చిన్న ఎన్, చిన్న సీ, చిన్న ఐ ఆప్షన్లు కలిపితే ఏమీ కాపీ చేయకుండా రెండు వైపులా ప్రతి ఫైల్‌నూ చెక్‌సమ్‌తో (లోపలి డేటా నుంచి లెక్కగట్టే సంఖ్యతో) పోల్చి, తేడా ఉన్నవాటిని మాత్రం చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే రెండూ ఒకటే. డేటా పెద్దదైతే దీనికి చాలాసేపు పడుతుంది. సర్వీసును అంతసేపు ఆపలేమనుకుంటే కనీసం డేటాబేస్ ఫోల్డర్‌కైనా ఈ పరీక్ష పెట్టండి.

మార్పిడి

రెండు వాల్యూమ్‌లనూ అన్‌మౌంట్ చేయండి. బీఎల్‌కేఐడీ కమాండ్‌తో కొత్తదాని యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్ గుర్తింపు సంఖ్య) తీసుకుని, బూట్ అయ్యేటప్పుడు ఏది ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో పాతదాని స్థానంలో పెట్టండి. డిస్క్ పేరు కాకుండా యూయూఐడీయే రాయాలి. పేర్లు మారొచ్చని పైన చెప్పుకున్నాం కదా. ఫైండ్‌ఎంఎన్‌టీ కమాండ్‌కు వెరిఫై ఆప్షన్ ఇస్తే ఎఫ్‌స్టాబ్‌లో తప్పులుంటే చూపిస్తుంది. తర్వాత సర్వీసులను నడిపే సిస్టమ్‌డీని రీలోడ్ చేసి, మౌంట్ కమాండ్‌కు చిన్న ‘ఏ’ అక్షరం ఆప్షన్ ఇచ్చి మౌంట్ చేయండి.

ఎఫ్‌స్టాబ్ లైన్‌లో నోఫెయిల్ పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. అది లేకపోతే, డిస్క్ దొరకనప్పుడు సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ కూడా పని చేయదు. సలహా సరైనదే, అయితే దానితో ఇంకో ప్రమాదం ఉంది. వాల్యూమ్ మౌంట్ కాకపోయినా సర్వర్ బూట్ అవుతుంది, డేటాబేస్ లేచి ఖాళీ /డేటా ఫోల్డర్ చూసి, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రూట్ డిస్క్ మీద రాయడం మొదలుపెట్టొచ్చు. దాన్ని ఆపడానికి, వాల్యూమ్ అన్‌మౌంట్ అయి ఉన్నప్పుడే ఆ ఖాళీ ఫోల్డర్‌కు సీహెచ్‌ఏటీటీఆర్ కమాండ్‌తో ప్లస్ ఐ గుణం పెట్టండి. అప్పుడు మౌంట్ లేకుండా అందులో ఎవరూ రాయలేరు. సర్వీసు సిస్టమ్‌డీ ఫైల్‌లో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అనే లైన్ (మూడు పదాలూ కలిపి, ఒక్కో పదం మొదటి అక్షరం పెద్దది) పెట్టడం ఇంకా మంచిది. మౌంట్ అయితేనే సర్వీసు మొదలవుతుంది.

సర్వీసులు మొదలుపెట్టి, లాగ్‌లు చూసి, అంతా బాగుంటే పాత వాల్యూమ్‌ను డిటాచ్ చేయండి. డిలీట్ కాదు, డిటాచ్ మాత్రమే. ఆ తర్వాత ఒకసారి సర్వర్‌ను రీబూట్ చేయండి. పాతది లేకుండా సర్వర్ లేస్తుందో లేదో ఇప్పుడే తెలియాలి, మూడు నెలల తర్వాత ఏదో అప్‌డేట్ కోసం రీబూట్ చేసినప్పుడు కాదు.

ఎల్‌వీఎం ఉంటే

డేటా ఎల్‌వీఎం మీద ఉంటే (డిస్కులను ఒక గ్రూపుగా చేసి, అందులోంచి లాజికల్ వాల్యూమ్‌లు ఇచ్చే లైనక్స్ ఏర్పాటు) ఇంకో దారి ఉంది. కొత్త వాల్యూమ్‌ను పీవీగా (ఎల్‌వీఎం వాడుకునే డిస్క్‌గా) చేసి అదే గ్రూపులో చేర్చి, పీవీమూవ్‌తో పాత డిస్క్‌లోని డేటాను కొత్తదానికి జరపొచ్చు. ఇది సర్వీసులు నడుస్తుండగానే జరుగుతుంది. మధ్యలో ఆగిపోయినా మళ్లీ పీవీమూవ్ ఇస్తే కొనసాగుతుంది. తర్వాత వీజీరెడ్యూస్‌తో పాతదాన్ని గ్రూపు నుంచి తీసేయాలి.

లాజికల్ వాల్యూమ్ కొత్త డిస్క్‌లో పట్టేంత చిన్నగా ఉంటేనే ఇది కుదురుతుంది. పెద్దగా ఉండి ఈఎక్స్‌టీ4 అయితే, అన్‌మౌంట్ చేసి ఎల్‌వీరెడ్యూస్‌కు రిసైజ్ ఎఫ్‌ఎస్ ఆప్షన్ తప్పకుండా ఇచ్చి తగ్గించాలి. ఆ ఆప్షన్ మర్చిపోతే ఫైల్‌సిస్టమ్ కుదించుకోకుండానే కింద చోటు తెగిపోవచ్చు. ఎల్‌వీఎం తన సమాచారానికీ కొంత చోటు వాడుకుంటుంది కాబట్టి కొత్త డిస్క్ సైజు కంటే ఒక జీబీ తక్కువకే తగ్గించండి. ఎక్స్ఎఫ్ఎస్ అయితే ఈ దారి వదిలేసి ఆర్‌సింక్ పద్ధతికే రండి.

రూట్ డిస్క్ అయితే

రూట్ డిస్క్‌లో బూట్ లోడర్, ఈఎఫ్ఐ పార్టిషన్ కూడా ఉంటాయి కాబట్టి పని ఎక్కువ. వీలైతే చిన్న రూట్‌తో కొత్త సర్వర్ పెట్టి, అప్లికేషన్‌ను అందులో కొత్తగా ఇన్‌స్టాల్ చేయమనే చెప్తాను. పాత సర్వర్ నుంచే ఇమేజ్ (కొత్త సర్వర్ పెట్టడానికి వాడే డిస్క్ నమూనా) తీస్తే పెద్ద సైజు కూడా దాంతో పాటే వస్తుంది, కాబట్టి డిస్ట్రిబ్యూషన్ వాళ్ల అసలు ఇమేజ్‌నే వాడండి.

అలా కుదరక పాత సర్వర్‌నే ఉంచాలంటే ఇలా చేయండి. అదే డిస్ట్రిబ్యూషన్, అదే వెర్షన్, అదే బూట్ విధానం ఉన్న ఇమేజ్‌తో చిన్న రూట్ ఉన్న తాత్కాలిక సర్వర్ ఒకటి పెట్టండి. దాన్ని ఆపి రూట్ వాల్యూమ్ విడదీయండి. బూట్ అవ్వడానికి కావాల్సినవన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి, అందుకే దీన్ని మళ్లీ ఫార్మాట్ చేయకూడదు. పాత సర్వర్‌నూ ఆపి దాని రూట్ విడదీయండి. ఆపే ముందు రెండు విషయాలు చూసుకోవాలి. ఎలాస్టిక్ ఐపీ (స్థిరంగా ఉండే ఐపీ) లేకపోతే పబ్లిక్ ఐపీ మారిపోతుంది, ఇన్‌స్టన్స్ స్టోర్‌లో (సర్వర్‌తో వచ్చే తాత్కాలిక డిస్క్‌లో) ఏమైనా ఉంటే అది పోతుంది.

ఈ రెండు వాల్యూమ్‌లనూ మూడో సర్వర్‌కు తగిలించాలి. ఆ సర్వర్ బూట్ అయిన తర్వాతే తగిలించండి. డిస్కుల లేబుళ్లు ఒకటే అయితే అది పొరపాటున వేరే డిస్క్ నుంచి బూట్ అవ్వొచ్చు. ఎక్స్ఎఫ్ఎస్‌లో యూయూఐడీలు ఒకటైతే రెండోది మౌంట్ కాదు, అప్పుడు నోయూయూఐడీ ఆప్షన్ ఇవ్వాలి.

పైన చెప్పిన ఆర్‌సింక్‌కే డిలీట్, చిన్న ఎక్స్ కలిపి పాత రూట్ పార్టిషన్‌ను కొత్తదాని మీదికి కాపీ చేయండి. చిన్న ఎక్స్ వేరే ఫైల్‌సిస్టమ్‌లలోకి పోకుండా ఆపుతుంది. బూట్ ఫోల్డర్‌కు విడి పార్టిషన్ ఉంటే దాన్నీ ఇలాగే చేయాలి. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

తర్వాత రెండు రూట్‌ల యూయూఐడీలు పోల్చండి. ఒకే ఇమేజ్ నుంచి పుట్టినవైతే ఒకటే ఉండొచ్చు. వేరైతే కాపీ అయి వచ్చిన ఎఫ్‌స్టాబ్‌లో కొత్త యూయూఐడీ రాయాలి. ఆపైన డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను బైండ్ మౌంట్ చేసి, సీహెచ్‌రూట్‌తో లోపలికి వెళ్లి, బూట్ లోడర్ అయిన గ్రబ్ కాన్ఫిగరేషన్‌ను మళ్లీ తయారు చేయాలి. ఉబుంటు, డెబియన్‌లలో అప్‌డేట్ గ్రబ్ సరిపోతుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో బూట్ ఎంట్రీ ఫైళ్లలో రాసి ఉన్న యూయూఐడీని కూడా చూసుకోవాలి.

చివరగా కొత్త వాల్యూమ్‌ను పాత సర్వర్‌కు, ఇంతకుముందు రూట్ ఏ డివైస్ పేరుతో ఉండేదో సరిగ్గా అదే పేరుతో అటాచ్ చేసి స్టార్ట్ చేయండి. లేవకపోతే కన్సోల్‌లోని సిస్టమ్ లాగ్ కారణం చెప్తుంది. పాత రూట్‌ను తిరిగి తగిలిస్తే సర్వర్ మునుపటిలా లేస్తుంది. కాబట్టి కంగారు పడకుండా సరిచేసుకోవచ్చు.

పాతదాన్ని ఎప్పుడు తీసేయాలి?

కనీసం ఒక వారం ఉంచండి. వారంలో ఒకసారి నడిచే పనులు, లాగ్ రొటేషన్లు, రిపోర్టులు అన్నీ కొత్త డిస్క్ మీద ఒక చుట్టు తిరగాలి. ఒక్క విషయం గుర్తుంచుకోండి. కొత్త వాల్యూమ్ మీద సర్వీసు రాయడం మొదలుపెట్టాక పాతది వెనకబడిపోతుంది. రెండు రోజుల తర్వాత ఏదో సమస్య వచ్చి దాన్ని అలాగే తిరిగి తగిలిస్తే ఆ రెండు రోజుల డేటా పోతుంది. వెనక్కి వెళ్లాల్సి వస్తే ముందు సర్వీసులు ఆపి, కొత్తదాని నుంచి పాతదానికి ఆర్‌సింక్ చేయాలి.

ఈ వారంలోనే కొత్త వాల్యూమ్‌కు పాతదాని ట్యాగ్‌లన్నీ పెట్టండి. ఆటోమేటిక్ స్నాప్‌షాట్ పాలసీలు చాలా చోట్ల ట్యాగ్ చూసి వాల్యూమ్‌ను ఎంచుకుంటాయి. ట్యాగ్ లేకపోతే ఏ ఎర్రర్ రాకుండానే బ్యాకప్ ఆగిపోతుంది. వాల్యూమ్ ఐడీ మీద పెట్టిన అలారాలు ఇంకా పాతదాన్నే చూస్తుంటాయి, వాటినీ మార్చాలి. సర్వర్లను కోడ్‌తో నిర్వహించే టెర్రాఫామ్ వాడుతుంటే కొత్త ఐడీని స్టేట్‌లోకి ఇంపోర్ట్ చేసి, కోడ్‌లో సైజు మార్చి, ప్లాన్‌లో ఏ మార్పూ చూపించడం లేదని నిర్ధారించుకోండి. రూట్ మార్చినవాళ్లు డిలీట్ ఆన్ టర్మినేషన్ (సర్వర్‌ను తీసేస్తే డిస్క్ కూడా పోవాలా అన్న సెట్టింగ్) ఎలా ఉందో కూడా చూసుకోవాలి. తర్వాత అటాచ్ చేసిన వాల్యూమ్‌కు అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది.

ఆటోమేటిక్ స్నాప్‌షాట్ కొత్త వాల్యూమ్ మీద కనీసం ఒకసారి పూర్తయిందని చూశాక, పాత వాల్యూమ్‌ను డిలీట్ చేయండి. మొదట్లో తీసిన స్నాప్‌షాట్‌ను ఇంకో నెల ఉంచవచ్చు. స్నాప్‌షాట్ రేటు జీపీ2, జీపీ3 వాల్యూమ్ రేటు కంటే తక్కువ, పైగా డేటా రాసిన బ్లాకులకే బిల్లు పడుతుంది.